ఎర్కున్నోళ్ల పాట

చెన్నూరు సంఘమోళ్లు ఫోన్ చేసి, "మీ కోత పండుగ గింత పెద్దగ ఎట్ల చేస్తుండ్రో మాకు జర రెండు పేజీలు రాసియ్యిండ్రి, మేము గూడ చేసుకుంటం" అని అడిగిండ్రు. ఫోన్ వచ్చింది అహరోను మామకు. మామ ఇచ్చోడల మా చర్చి సెక్రటరీ, రిటైరైన ఆర్టీసీ కండక్టర్. బస్సు నిండినా "లోపలికి జరుగుండ్రి" అనే మనిషి. అందుకే నాకు ఎంత పని ఉన్నా ఇంకొకటి ఎక్కిస్తడు.

"స్తుతమ్మా, నీకైతే నాలుగు బటన్లు ఒత్తితె అయిపోతది గద."

నాలుగు బటన్ల మీద మామకున్నంత విశ్వాసం నాకు దేని మీదా లేదు.

నేను కరీంనగర్ల కిరాయి రూముల ఉంటా. హైదరాబాద్ కంపెనీకి ఇక్కడికెళ్లే పనిచేస్తా. వేరేటోళ్లు రాసిన సాఫ్ట్‌వేర్ల తప్పులు వెతికి, తప్పున్నదని మర్యాదగ చెప్పుడు నా ఉద్యోగం. మర్యాదగ చెప్పినా ఎవలూ మర్యాదగ తీసుకోరు. బాపుకు నాందేడ్ దిక్కు జిన్నింగ్ మిల్లుల పని దొరికినంక అవ్వ, బాపు అటు పోయిండ్రు. ఇచ్చోడల ఇల్లు కిరాయికిచ్చినం. అంటే ఊర్ల నాకు ఇప్పుడు ఇల్లు లేదు, పండుగ ఒక్కటే ఉన్నది. డిసెంబర్ల రెండో ఆదివారం. ఆ ఒక్కనాడు నా ఫోన్‌కు రెండువందల కాల్స్ వస్తయి. సోమవారం సంది మళ్ల ఓటీపీలే.

నా రూము కింద నాలుగు సాంచలు నడుస్తయి, పవర్‌లూమ్‌లు. వాటి మీద పనిచేసే భానుప్రసాదన్న, నేను మెట్లు దిగినప్పుడల్లా "తిన్నవా చెల్లె?" అని అడుగుతడు. ఆ సప్పుడుల నా జవాబు ఆయనకు ఇనబడదు. అయినా అడుగుతడు. కొన్నిరోజులు నేను మనిషితోటి మాట్లాడింది గదే.

సరే, చెన్నూరోళ్లకు రాసుడు షురూ చేసిన. ప్లేట్లు అనుకున్నదానికంటె రెండువందలు ఎక్కువ తేవాలె. నీళ్ల ట్యాంకరోనికి పైసలు ముందే ఇయ్యొద్దు, ఇస్తె రాడు. జనరేటర్ స్టేజి వెనుక పెట్టొద్దు, ప్రార్థన ఇనబడదు. పాస్టర్ గారికి మైకు ఇచ్చేటప్పుడు ఎన్ని నిమిషాలో చెప్పి ఇయ్యాలె, చెప్పినా లాభం లేదు. ఇట్ల ఒకటిన్నర పేజీ అయింది. ఇంక ఫోటోలు వెట్టాలెనని నిరుటి డ్రోన్ వీడియో తెరిచిన.

వీడియో సంగతి చెప్పే ముందు హర్రాజు సంగతి చెప్పాలె.

మా కోత పండుగల పొలంల పండిందో, ఇంట్ల పెరిగిందో ఏదో ఒకటి చర్చికి తెస్తరు. గుమ్మడికాయ, కందులు, కోడి, ఒక్కోసారి మేకపిల్ల. ఆరాధన అయినంక వాటిని హర్రాజు వేస్తరు, గదే వేలం పాట. వచ్చిన పైసలు ఆపతిల ఉన్నోళ్ల దవాఖాన ఖర్చుకు. అహరోను మామ ఒక్కొక్కటి పైకెత్తి, తెచ్చినోళ్ల పేరు చెప్తుండె. సచ్చిపోయినోళ్ల పేరు మీద తెస్తె ఆ పేరు చెప్తుండె. అయితే మొదటి పాట ఎవలు పడితె వాళ్లు పాడొద్దు. ఆ మనిషిని ఎర్కున్నోళ్లే పాడాలె, పాడే ముందు ఆ మనిషి గురించి ఒక్క ముక్క చెప్పాలె. "దేవవ్వ పేరు మీద ఐదు శేర్ల కందులు" అని మామ అంటే, ఎవలో లేచి "దేవవ్వ మా కోడిని పట్టి, మాకే కూర వండిపెట్టింది, యాభై రూపాలు" అంటరు. అందరు నవ్వుతరు. ఆ తర్వాత ఎవలైనా పెంచొచ్చు. దాన్నే మా దగ్గెర ఎర్కున్నోళ్ల పాట అంటరు.

నలభై కుటుంబాలు ఉన్నన్ని రోజులు గది మంచిగనే నడిచింది. మూడేండ్ల కింద నేను చేతులు పెట్టిన. వాట్సాప్ గ్రూపు, పోస్టర్లు, తినే స్టాళ్లు, పైసలకు క్యూఆర్ కోడ్. మొదటి ఏడు బయటోళ్లు వందమంది, రెండో ఏడు మూడువందలు, నిరుడు తొమ్మిదివందలు. ఆదిలాబాద్ నుంచి వచ్చిండ్రు, నిర్మల్ నుంచి వచ్చిండ్రు, మా మతం కానోళ్లు గూడ కూరగాయలు సౌకగ దొరుకుతయని వచ్చిండ్రు. నిరుడు వస్తువులు మూడువందలు దాటుతయని ముందే తెలిసింది. ఒక్కోదానికి ఐదు నిమిషాలంటే పండుగ సోమవారం మధ్యాహ్నానికి అయిపోతదని లెక్క చేసి మామకు చూపించిన.

"మరి ఎట్ల?" అన్నడు మామ.

"లాట్లు పెడదాం మామ."

కూరగాయలన్నీ ఒక దగ్గెర, పప్పులన్నీ ఒక దగ్గెర, కోళ్లన్నీ ఒక దగ్గెర. వస్తువు తెచ్చినోళ్లు నింపే ఫారంల పేరు రాసే గడి నింపకపోయినా నడుస్తదని పెట్టిన. నింపకపోయినా నడిచే గడిని ఎవలూ నింపరు, గది నా ఉద్యోగంల మొదటిరోజు నేర్పిస్తరు. హర్రాజు గంటన్నరల ముగిసింది. పైసలు మూడింతలు వచ్చినయి. అందరు మెచ్చుకున్నరు. నన్ను నేను గూడ జర ఎక్కువనే మెచ్చుకున్న.

ఇగ వీడియో. పైకెళ్లి సూస్తె అందరు నెత్తులే. లాట్ నంబర్ పన్నెండు, నాటుకోళ్లు ఏడు. హైవే మీద దాబా నడిపేటాయన అర నిమిషంల పాడుకున్నడు. తర్వాత భోజనాలని చెప్పిండ్రు, నెత్తులన్నీ ఎడమదిక్కు పొయినయి. కుర్చీలు ఖాళీ అయినయి. స్టేజి ముంగట ఒక్క పసుపు చీర మిగిలింది. స్టేజి మీద ఎవలూ లేరు. అయినా ఆమె స్టేజి దిక్కే చూసుకుంట నిలవడ్డది. నేను ముందుకు జరిపిన. నిలవడే ఉన్నది. ఇంకింత జరిపిన. డ్రోన్ బ్యాటరీ అయిపోయి వీడియో ఆగిపోయింది, ఆమె మాత్రం అక్కడ్నే ఉన్నది.

పెద్దగ చేసి చూసిన. ప్రేమమ్మ పెద్దమ్మ.

జోయల్ వాళ్ల అమ్మ. జోయల్, నేను ఇచ్చోడ నుంచి ఆదిలాబాద్‌ల బడికి ఆరేండ్లు ఒకటే బస్సుల, ఒకటే సీట్ల పోయినం. ఇంటర్ రెండో సంవత్సరంల వానికి డెంగీ వచ్చింది. నాలుగు రోజులు. అప్పటి సంది పెద్దమ్మ ఏటా వాని పేరు మీద ఒక కోడి తెస్తది. లాట్ పన్నెండుల ఆ ఏడు కోళ్లల ఒకటి జోయల్ కోడి. పేరు చెప్తరని ఆమె ఎదురుచూసింది.

మామకు ఫోన్ చేసిన. "ప్రేమమ్మ పెద్దమ్మ చర్చికి వస్తుందా మామ?"

"ఏడాది సంది రాలే గద."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా?" అన్నడు. కోపంగ కాదు, టికెట్ తీసుకున్నవా అన్నట్టు. "పాతోళ్లల చానమంది వస్తలేరు స్తుతమ్మా. కొత్తోళ్లు మస్తు వస్తుండ్రు గద, సరిపోయిందనుకున్న."

శనివారం బస్సెక్కిన. జగిత్యాల, నిర్మల్ మీదికెళ్లి ఐదు గంటలు. ఏం చెప్పాల్నో దారి పొడుగునా అనుకున్న. కొన్ని ముక్కలు ఫోన్ల గూడ రాసుకున్న, సిగ్గులేకుండ.

పెద్దమ్మ అప్పుడే పత్తి ఏరి వచ్చినట్టున్నది, కొంగుకు పత్తి అంటుకొని ఉన్నది. నన్ను చూసి ఆగం కాలే, కుర్చీ వేసింది.

"అగో, ఇంజినీరు బిడ్డ వచ్చింది. పండుగ ఇంక మూడు వారాలున్నది గద, అప్పుడే దిగినవ్?"

"నీకోసమే వచ్చిన పెద్దమ్మా."

"నాకోసమా? నా దగ్గెర కంప్యూటర్ లేకపాయె." చాయ్ పెట్టుడు మొదలుపెట్టింది. "చక్కెర తాగుతవా, అదీ బందు వెట్టినవా?"

"తాగుత. పెద్దమ్మా, నిరుడు నేను తప్పు చేసిన."

"ఏం తప్పు? కోళ్లు అమ్ముడువోయినయ్. పైసలు మస్తు వచ్చినయట. మా పక్కింటి కొమురవ్వకు ఆపరేషన్ గూడ ఆ పైసలతోనే అయింది. దానికి తప్పంటరా?"

"జోయల్ పేరు చెప్పలే."

చాయ్ పొంగొచ్చింది. ఆమె గిన్నె దించింది, మళ్ల పెట్టింది, మళ్ల దించింది.

"అంతమంది వచ్చిండ్రు. ఒక్కొక్కరి పేరు సదువుకుంట కూసుంటే తెల్లారుతది గద." అది నా మాటనే. నేను స్టేజి మీద మైకుల అన్న మాట, అచ్చం అట్లనే అన్నది. "నాకు కోపం లేదు బిడ్డా. వాని పేరు రేషన్ కార్డులకెళ్లి తీసేసిండ్రు. నిజమే, తినేటోడు లేకపాయె. బ్యాంకులకెళ్లి తీసేసిండ్రు. ఇంట్ల ఎవలున్నరు పిలుస్తందుకు? నేను ఒక్కదాన్ని పిలుచుకుంటే పిచ్చిదంటరు. ఏడాదికి ఒక్కసారి మీ హర్రాజుల ఇనబడ్తుండె. గంతే నా సంబురం."

ఫోన్ల రాసుకున్న ముక్కలు ఒక్కటీ పనికి రాలే.

"ఈసారి పేరు పిలిపిస్త పెద్దమ్మా. నువ్వు కోడి తేవాలె."

"చూద్దాం" అన్నది. మా దిక్కు చూద్దాం అంటే రాను అని. చాయ్‌ల చక్కెర ఎయ్యలే. మరిచిపోయిందో, ఎయ్యలేదో నాకు తెల్వదు. తాగిన.

మామతోటి కూసొని కొత్త లెక్క కట్టిన. ఒకరి పేరు మీద తెచ్చినవి మాత్రం ఒక్కొక్కటిగ పిలవాలె, మిగిలినయి లాట్లు. పేరు మీదివి ఇరవై దాక వస్తయనుకున్నం. మామ తన గొంతు పోయిందన్నడు గాని, మొహం మాత్రం మళ్ల డ్యూటీ దొరికినట్టు వెలిగింది. కరపత్రం నేనే అచ్చు కొట్టించిన. కింద రూల్స్ గూడ. నిరుడు మంచి మేకలు పండుగ కమిటీ వాళ్లే సౌకగ పాడుకున్నరని ఎవలో అన్నరు గనుక, ఈసారి కమిటీల ఉన్నోళ్లు పాట పాడొద్దని నేనే పెట్టిన. మస్తు మంచి రూల్ అనిపించింది.

భానుప్రసాదన్నకు గూడ ఒక కరపత్రం ఇచ్చిన. సాంచ ఆపి మరీ చదివిండు. "మా అసుంటోళ్లు రావొచ్చా చెల్లె?"

"రావొచ్చు అన్నా. భోజనం గూడ ఉన్నది."

"గది ముందు చెప్పాలె" అన్నడు.

పండుగనాడు పొద్దున తొమ్మిదికి నేను వస్తువులు తీసుకునే బల్ల కాడ కూసున్న. వేరేటోళ్లకు అప్పజెప్పకుండ నేనే కూసున్న. పేరు రాసే గడి నింపకపోతె ముందుకు పోకుండ ఫారం మార్చిన. పది అయింది, పదిన్నర అయింది. వచ్చేటోళ్ల వెనుక మెడ లేపి చూసుడే నా పని. భానుప్రసాదన్న పన్నెండు తువ్వాలలు మూట కట్టుకొని వచ్చిండు, తన సాంచ మీద నేసినవే. "ఎవలి పేరు రాయాలె?" అంటే, "సాంచ పేరు రాయి" అని నవ్విండు.

పదకొండు గొట్టంగ ప్రేమమ్మ పెద్దమ్మ వచ్చింది. చంకల కోడి. గోధుమ రంగు పెట్ట, కాళ్లు గుడ్డపేలికతోటి కట్టి ఉన్నయి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాని బల్ల మీద ల్యాప్‌టాప్ ఉన్నది, వెనుక పదిమంది లైన్ల ఉన్నరు. అలవాటుగ నోట్లకెళ్లి అదే వచ్చింది.

"ఎవలి పేరు మీద?"

పెద్దమ్మ నన్ను చూసింది. "నీకు ఎర్కలేదా?"

రాసిన. జోయల్. కోడిని నా చేతుల పెట్టి, వెనుకకు చూడకుండ ఆడోళ్ల దిక్కు పోయి కూసున్నది.

హర్రాజు ఒంటిగంటకు మొదలైంది. మామ మైకు కాడ, నేను పక్కన వస్తువు చూపెట్టుడు. మొదట మంచిగనే నడిచింది. కొన్ని పేర్లకు ఎవలో ఒకరు లేచిండ్రు, కొన్నిటికి తెచ్చినోళ్ల సొంత చుట్టాలే లేచి రెండు ముక్కలు చెప్పిండ్రు. జనం ఫోన్లు చూసుకుంటుండ్రు గాని లొల్లి చేయలే.

"జోయల్ పేరు మీద నాటుకోడి" అన్నడు మామ. "తెచ్చింది వాళ్ల అమ్మ ప్రేమమ్మ. ఎర్కున్నోళ్లు పాడాలె."

ఎవలూ లేవలే.

నేను ముందు కంగారు పడలే. సందు ఇస్తె లేస్తరు అనుకున్న. కాని లేచేటోళ్లు ఎవలు? వాని దోస్తులు హైదరాబాద్‌ల ఉన్నరు, దుబాయ్‌ల ఉన్నరు. వానికి సండే స్కూల్ చెప్పిన సత్తెమ్మ టీచర్ నిరుటి సంది వస్తలేదు. పాత కుటుంబాలు ఇరవై కూడ లేవు, ఉన్నోళ్లు వంటల కాడ ఉన్నరు. మిగిలిన వెయ్యిమందికి జోయల్ అంటే ఒక కోడి.

మామ రెండోసారి పిలిచిండు. "జోయల్. ఎర్కున్నోళ్లు."

తర్వాత మామ తల తిప్పి నన్ను చూసిండు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "స్తుతమ్మా" అన్నడు మెల్లగ. గంతే.

నాకు వాడు ఎర్కే. ఆరేండ్ల బస్సు. ఈ మైదానంల వాని గురించి ఒక ముక్క చెప్పగలిగే మనిషి, వాళ్ల అమ్మ కాకుండ, నేనొక్కదాన్నే. నోరు తెరిచిన గూడ. కాని పొద్దున నేనే మైకుల చదివిన, కమిటీల ఉన్నోళ్లు పాడొద్దని; నేను గూడ కమిటీనే. ముందు వరుసల నిరుడు మేకల లొల్లి చేసినాయన కూసొని ఉన్నడు. చేతుల కోడి కొట్టుకుంటుంది. ఒక్క క్షణం అనుకున్న, ఇంకో క్షణం అనుకున్న. ప్రేమమ్మ పెద్దమ్మ అప్పటికే లేచి నిలవడ్డది. నిరుటి లెక్కనే. స్టేజి దిక్కు చూసుకుంట.

"అన్నా!" అని వెనుకకెళ్లి ఒక గొంతు. సాంచల సప్పుడుల మాట్లాడి మాట్లాడి, మామూలుగ మాట్లాడినా అరిచినట్టుండే గొంతు. భానుప్రసాదన్న. "జోయల్ అంటే ఎవలన్నా?"

కొందరు నవ్విండ్రు. మామ మైకు ఈ చేతికెళ్లి ఆ చేతికి మార్చిండు. గిట్ల ఎవలూ ఎన్నడూ అడగలే. అందరికి అందరు ఎర్కున్న రోజులల్ల అడిగే అవసరం రాలే.

"చెప్పొద్దా మరి?" అన్నడు భానుప్రసాదన్న. "పేరు పిలిచి ఊకుంటె ఎట్ల?"

మామ మైకు తీసుకొని స్టేజి దిగిండు. వైరు అందినంత దూరం పోయిండు. మిగిలిన దూరం పెద్దమ్మ వచ్చింది.

"మా పిలగాడు" అన్నది. మైకు దూరం పట్టుకున్నది, మామ దగ్గెరికి జరిపిండు. "మా పిలగాడు. వానికి సీటీ కొట్టరాదు, ఈల వెయ్యరాదు. తొమ్మిదో తరగతిల దోస్తులు ఎక్కిరించిండ్రట. నెల రోజులు పొద్దుగాల లేచి కోళ్ల ముంగట నిలవడి ఊదిండు. సప్పుడు రాలే, ఉమ్మి వచ్చింది. కోళ్లు గుడ్లు పెట్టుడు బంద్ చేసినయి."

ముందు ఒక మూల నవ్విండ్రు, తర్వాత మైదానమంతా నవ్వింది. ఫోన్లు చూసేటోళ్లు గూడ తల లేపిండ్రు. పెద్దమ్మ నవ్వలే. "గుడ్లు పెడతలేవురా అని కొట్టిన ఒక్కసారి" అన్నది. "గంతే."

"అవ్వా, మరి ఇప్పుడు నాకు ఎర్కే గద" అన్నడు భానుప్రసాదన్న. "నేను పాడొచ్చా?"

మామ నా దిక్కు చూసిండు. దానికి రూల్ లేదు. నేను తల ఊపిన.

"రెండువందలు!"

తర్వాత నిర్మల్ నుంచి వచ్చినామె పాడింది, ఒక టీచర్ పాడిండు, దాబా ఆయన పాడిండు. ఆఖరికి ఆ నిర్మలామెకే పోయింది. ఆమె వచ్చి నా చేతులకెళ్లి కోడిని తీసుకొని, "దీన్ని కోయ, పెంచుకుంటా" అని నాతోటి కాదు, పెద్దమ్మతోటి చెప్పింది. తర్వాతి పేరుకు నలుగురు కొత్తోళ్లు ఒక్కసారే "ఎవలు, ఎవలు?" అని అడిగిండ్రు. హర్రాజు గంట లేటయింది. సాంబారు సల్లారింది. ఒక్కరూ లేచి పోలే.

ఐదు గంటలకు పెద్దమ్మ ఆటో కోసం రోడ్డు దిక్కు పోతుంటె నేను ఉరికిన.

"పెద్దమ్మా, మంచిగనిపించిందా?"

"అనిపించింది. ఆ సాంచల పిలగాడు మంచోడు." చెప్పులు సరిజేసుకున్నది. "నువ్వెందుకు పాడలే?"

"కమిటీల ఉన్నోళ్లు పాడొద్దని రూల్ ఉన్నది పెద్దమ్మా."

"ఎవలు పెట్టిండ్రు?"

"నేనే."

ఆమె తిట్టలే. తిడితె బాగుండు. నా భుజం మీద ఏదో దుమ్ము ఉంటె దులిపింది, కోడి ఈక అనుకుంటా. "తిన్నట్టు లేవు. పోయి తిను" అని ఆటో ఎక్కింది. లోపల ముగ్గురు ఆడోళ్లున్నరు, ఎవలో నాకు తెల్వదు. ఒకామె జరిగి జాగ ఇచ్చుకుంట, "సీటీ రానే రాలేదా మరి?" అని అడుగుడు ఇనబడ్డది. ఆటో పోయింది.

నేను మైదానానికి వచ్చిన. భానుప్రసాదన్న బస్సుకు పోయిండు. మామ కుర్చీల కూసొని నిద్రపోయిండు, మెడల తువ్వాల కొత్తది. స్టేజి మెట్ల మీద కూసున్న. ఎదురుంగ ఖాళీ కుర్చీలు వెయ్యి, నేనే ఆర్డర్ ఇచ్చినయి.

"జోయల్ బస్సుల నాకు ఎన్నడూ కిటికీ సీటు ఇయ్యలే" అన్న. మైకు లేదు, మెల్లగనే అన్న. "ఎండ నీ మీద పడతదని చెప్పేటోడు. మేము ఎప్పుడూ ఎడమదిక్కే కూసునేది. ఆదిలాబాద్ పోయేటప్పుడు పొద్దుగాల ఎండ కుడిదిక్కు. వచ్చేటప్పుడు మాపటి ఎండ గూడ కుడిదిక్కే. ఆరేండ్లు నాకు గది తట్టలే. యాభై రూపాలు."

టెంట్‌హౌస్ కొమురెల్లి వైర్లు చుట్టుకుంటుండె. ఆగి చూసిండు.

"ఏమన్న అన్నవా మేడం?"

"ఏం లేదు" అన్న. "కుర్చీలు లెక్క పెట్టుకో."